ఫోన్‌లో ఆండ్రాయిడ్ మళ్లీ ఎక్కిస్తుంటే మధ్యలో ఆగిపోయిందా? ముందు కేబుల్ మీద చెయ్యి తీయండి

మొన్న రాత్రి పదకొండున్నరకి మా బాబాయి కొడుకు ఫోన్ చేశాడు, అదీ వాళ్లమ్మ నంబర్ నుంచి. "అన్నా, నా ఫోన్ పోయింది, ఆండ్రాయిడ్ మళ్లీ ఎక్కిద్దామని కూర్చుంటే సగంలో ఆగిపోయింది, ఐదు నిమిషాలు చూసి కేబుల్ పీకేశా" అన్నాడు. లాప్‌టాప్‌లో చివరి లైన్ ఏముందో చదవరా అంటే, "ఏదో వెయిటింగ్ ఫర్ ఎనీ డివైస్ అని ఉంది" అన్నాడు. అంటే ఫోన్‌కి ఏమీ కాలేదు, లాప్‌టాప్‌కి ఫోన్ కనబడలేదు, అంతే. ఫోన్‌ని లాప్‌టాప్ గుర్తుపట్టడానికి కావాల్సిన డ్రైవర్ ఒకటి వేయించాక ఇరవై నిమిషాల్లో ఫోన్ లేచి కూర్చుంది.

చేత్తో సాఫ్ట్‌వేర్ ఎక్కించేటప్పుడు వచ్చే తిప్పల్లో చాలావరకు ఇలాంటివే. తప్పు కేబుల్‌లోనో, డ్రైవర్‌లోనో, లాప్‌టాప్‌లో ఖాళీ లేకపోవడంలోనో ఉంటుంది. మనం మాత్రం ఎర్రర్ చదవకుండా కంగారుపడి ఏదో ఒకటి నొక్కేసి, బాగున్న ఫోన్‌ని చెడగొట్టుకుంటాం. నేనేం తక్కువ తినలేదు, నా పాత ఫోన్ ఒకటి ఇప్పటికీ టేబుల్ మీద కాగితాలు ఎగిరిపోకుండా బరువుగా పనిచేస్తోంది, ఆ కథ కింద వస్తుంది.

ఇక్కడ నేను పిక్సెల్ ఫోన్లని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నా, ఎందుకంటే వాటి ఒరిజినల్ సాఫ్ట్‌వేర్ మొత్తాన్ని గూగులే తన డెవలపర్ సైట్‌లో పెట్టింది, ఎవరైనా దించుకోవచ్చు. రెడ్‌మీ, శాంసంగ్ వాళ్లకి తర్వాత కొంచెం చెప్తా, వాటి దారి వేరు. ఇంకో మాట, కమాండ్లన్నీ ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాస్తున్నా, మీరు కొట్టేటప్పుడు ఇంగ్లీష్ చిన్నక్షరాల్లోనే కొట్టాలి.

ముందు మీ దారి ఏదో తేల్చుకోండి

పిక్సెల్‌కి రెండు రకాల ఫైళ్లు దొరుకుతాయి, చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. ఒకటి ఫ్యాక్టరీ ఇమేజ్. ఇది ఫోన్‌ని మొదటి నుంచీ కడుగుతుంది, బూట్‌లోడర్ (ఫోన్ ఆన్ కాగానే ఆండ్రాయిడ్‌ని లేపే చిన్న ప్రోగ్రాం) అన్‌లాక్ అయి ఉంటేనే ఎక్కుతుంది, మామూలుగా ఎక్కిస్తే డేటా మొత్తం పోతుంది. రెండోది పూర్తి ఓటీఏ ఫైల్, అంటే అప్‌డేట్ ఫైల్. దీన్ని రికవరీ అనే రిపేరు మెనూలోంచి సైడ్‌లోడ్ చేస్తారు, అంటే లాప్‌టాప్ నుంచి పంపి ఎక్కిస్తారు, బూట్‌లోడర్ లాక్‌లో ఉన్నా ఎక్కుతుంది, మీ ఫొటోలు, చాట్లు ఎక్కడివక్కడ ఉంటాయి. కాబట్టి ఫోన్ లోగో దగ్గర తిరుగుతోంది, డేటా కావాలి అనుకుంటే ముందు ఓటీఏతోనే ప్రయత్నించండి. ఫ్యాక్టరీ ఇమేజ్ జోలికి తర్వాత వెళ్లొచ్చు. ఈ వరస తిరగేసినవాళ్లే పెళ్లి ఫొటోలు పోగొట్టుకుని ఏడుస్తుంటారు.

బూట్‌లోడర్ అన్‌లాక్ చేయాలంటే ఫోన్ ఆన్‌లో ఉన్నప్పుడే సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కి, డెవలపర్ ఆప్షన్స్ తెరిచి, అందులో ఓఈఎం అన్‌లాకింగ్ ఆన్ చేసి ఉండాలి. ఫోన్ ఇప్పటికే చచ్చిపడి ఉండి, అది ముందు ఆన్ చేసి లేకపోతే, ఫ్యాక్టరీ ఇమేజ్ దారి మూసుకుపోయినట్టే. అలాంటప్పుడు ఓటీఏ సైడ్‌లోడ్ ఉంది. అదీ కుదరకపోతే బూట్‌లోడర్ మెనూలో రెస్క్యూ మోడ్ అని ఒకటి ఉంటుంది, దాంట్లో పెట్టి గూగుల్ వాళ్ల పిక్సెల్ రిపేర్ టూల్‌ని క్రోమ్ బ్రౌజర్‌లో తెరిచి ప్రయత్నించవచ్చు.

ఓఈఎం అన్‌లాకింగ్ బటన్ బూడిద రంగులో ఉండి నొక్కనివ్వకపోతే ఒకసారి ఇంటర్నెట్‌కి కలిపి చూడండి, చాలాసార్లు తెరుచుకుంటుంది. అమెరికా నుంచి అక్కో బావో తెచ్చిన ఫోన్ అయితే అది ఎక్కడ కొన్నదో అడగండి. అక్కడి మొబైల్ కంపెనీ వెరైజన్ అమ్మిన పిక్సెల్స్‌లో ఆ బటన్ ఎప్పటికీ తెరుచుకోదు, ఎన్ని వీడియోలు చూసినా లాభం లేదు. డబ్బు తీసుకుని అన్‌లాక్ చేస్తామనేవాళ్ల దగ్గరికి వెళ్లొద్దు.

అన్‌లాక్ చేసిన క్షణంలోనే డేటా చెరిగిపోతుంది, ఇది మర్చిపోవద్దు. వాట్సాప్ బ్యాకప్ గూగుల్ డ్రైవ్‌లోకి వెళ్లిందో లేదో తేదీ చూసుకోండి. ఫోన్‌లో ఉన్న గూగుల్ అకౌంట్ పాస్‌వర్డ్ గుర్తుందో లేదో ఇంకో ఫోన్‌లో లాగిన్ అయి చూడండి, ఎందుకంటే రికవరీలోంచి చెరిపితే ఫోన్ మళ్లీ లేచాక పాత అకౌంటే అడుగుతుంది. రెండు అంచెల లాగిన్ కోడ్లు ఇచ్చే యాప్ ఇదే ఫోన్‌లో ఉంటే దాన్ని కూడా వేరే చోటికి మార్చండి.

లాప్‌టాప్ వైపు చూడాల్సినవి

మీ దగ్గర ఉండాల్సింది ప్లాట్‌ఫామ్ టూల్స్ అనే చిన్న జిప్, లాప్‌టాప్ నుంచి ఫోన్‌కి కమాండ్లు పంపే ఏడీబీ, ఫాస్ట్‌బూట్ రెండూ అందులోనే ఉంటాయి. గూగుల్ సైట్ నుంచి తాజాది దించుకోండి. ఎప్పుడో మూడేళ్ల కింద ఎవరో ఇచ్చిన పెన్‌డ్రైవ్‌లోది, లేదా "పదిహేను సెకన్లలో ఏడీబీ" లాంటి ఇన్‌స్టాలర్లలోది వాడితే కొత్త ఫోన్లలో అర్థంకాని ఎర్రర్లు వస్తాయి. పాతది ఇదివరకే సిస్టమ్‌లో ఉంటే మీరు కొత్తది దించినా విండోస్ పాతదాన్నే పిలుస్తుండొచ్చు. "ఫాస్ట్‌బూట్ హైఫన్ హైఫన్ వెర్షన్" కొడితే ఏది నడుస్తోందో, ఏ ఫోల్డర్‌లోంచి నడుస్తోందో చూపిస్తుంది.

ఫ్యాక్టరీ ఇమేజ్ జిప్‌ని విప్పాక లోపల ఇంకో పెద్ద జిప్ ఉంటుంది, పేరు ఇమేజ్ అని మొదలవుతుంది. దాన్ని విప్పకండి. నేను మొదటిసారి పెట్టెలో పెట్టె విప్పినట్టు అన్నీ విప్పి, ఫ్లాష్ ఆల్ అనే స్క్రిప్ట్ (కమాండ్లన్నీ వరసగా కొట్టిపెట్టే ఫైల్) నడిపి, ఫైల్ దొరకలేదని అది మొత్తుకుంటుంటే గంటసేపు ఫోన్‌ని తిట్టా. ప్లాట్‌ఫామ్ టూల్స్‌లోని ఫైళ్లని కూడా ఇదే ఫోల్డర్‌లోకి కాపీ చేసేయండి, దారులు వెతుక్కునే పని ఉండదు. పవర్‌షెల్‌లో కొడుతుంటే కమాండ్ ముందు చుక్క, వెనక్కి వాలిన గీత పెట్టాలి, లేకపోతే అలాంటి కమాండే లేదంటుంది. పాత కమాండ్ ప్రాంప్ట్‌లో ఈ గొడవ లేదు, నేను అదే వాడతా.

ఫైల్ మీ మోడల్‌దేనా అన్నది చూడటం చాలా ముఖ్యం, ఎందుకంటే పిక్సెల్స్‌కి సైట్‌లో ముద్దుపేర్లు ఉంటాయి. 6ఏ అంటే బ్లూజే, 7 అంటే పాంథర్, 7ఏ అంటే లింక్స్, 8 అంటే షీబా, 8ఏ అంటే అకీటా. అక్కడ పిట్టలు, పులులు, కుక్కలు అన్నీ ఉన్నాయి, మీది ఏ జంతువో చూసుకుని దించండి. డౌన్‌లోడ్ సరిగ్గా అయిందో తెలుసుకోవాలంటే ఒక తేలిక పద్ధతి ఉంది. ఫ్యాక్టరీ ఫైల్ పేరు చివర్లో ఎనిమిది అక్షరాలు, అంకెలు కలిసి ఉంటాయి, అవి ఆ ఫైల్ షా 256 చెక్‌సమ్‌లో (ఫైల్‌కి వేలిముద్ర లాంటిది) మొదటి ఎనిమిది. విండోస్‌లో సర్ట్‌యుటిల్ కమాండ్‌తో చెక్‌సమ్ తీసి ఆ ఎనిమిదీ పోల్చండి. హాస్టల్ వైఫైలో, మొబైల్ హాట్‌స్పాట్‌లో గిగాబైట్లకి గిగాబైట్లు దించినప్పుడు ఫైల్ చెడిపోవడం కొత్తేం కాదు.

సీ డ్రైవ్‌లో ఖాళీ చూసుకోండి. ఫైల్ డీ డ్రైవ్‌లో ఉంది కదా అనుకుంటాం, కానీ స్క్రిప్ట్ లోపలి జిప్‌ని విప్పేది విండోస్ టెంప్ ఫోల్డర్‌లో, అది సీలోనే ఉంటుంది. ఓ పది పదిహేను జీబీ ఖాళీ ఉంటే నిశ్చింత. లాప్‌టాప్ నిద్రపోకుండా సెట్టింగ్ మార్చండి, ఛార్జర్ పెట్టండి. కరెంట్ పోయే టైమ్ అయితే డెస్క్‌టాప్‌తో ఈ పని పెట్టుకోకండి. ఫోన్‌లో సగానికి పైగా ఛార్జింగ్ ఉండాలి.

ఇక కేబుల్ సంగతి. ఛార్జింగ్ ఎక్కుతోంది కాబట్టి కేబుల్ మంచిదే అనుకోవడం తప్పు, కొన్ని కేబుళ్లలో డేటా తీగలే ఉండవు, కొన్నిట్లో ఉన్నా అంతంత మాత్రం. "రైట్ టు డివైస్ ఫెయిల్డ్", "అన్‌నోన్ ఎర్రర్" లాంటివి వస్తే ఫోన్‌ని ఏమీ అనొద్దు, ముందు కేబుల్ మార్చండి, తర్వాత పోర్ట్ మార్చండి. కొన్ని లాప్‌టాప్‌లలో యూఎస్‌బీ 3 పోర్ట్‌కి ఫాస్ట్‌బూట్‌కి పడదు. యూఎస్‌బీ 2 పోర్ట్ ఉంటే అందులో, లేకపోతే ఇంట్లో మూలన పడేసిన పాత యూఎస్‌బీ 2 హబ్ ఉంటే దాని ద్వారా పెట్టండి. వినడానికి చిట్కా వైద్యంలా ఉంటుంది కానీ పనిచేస్తుంది.

వెయిటింగ్ ఫర్ ఎనీ డివైస్

ఇది ఎర్రర్ కాదు, ఎదురుచూపు. ఫోన్ ఆఫ్ చేసి పవర్, వాల్యూమ్ డౌన్ కలిపి పట్టుకుంటే బూట్‌లోడర్ స్క్రీన్ వస్తుంది. అక్కడ కేబుల్ పెట్టి "ఫాస్ట్‌బూట్ డివైసెస్" కొడితే ఒక సీరియల్ నంబర్ రావాలి. ఖాళీ లైన్ వస్తే విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరవండి. ఆండ్రాయిడ్ అనో, పిక్సెల్ అనో పసుపు రంగు ఆశ్చర్యార్థకంతో ఒకటి కనిపిస్తుంది. దాని మీద రైట్ క్లిక్ కొట్టి, గూగుల్ యూఎస్‌బీ డ్రైవర్ ఫోల్డర్ చూపించి, జాబితాలోంచి ఆండ్రాయిడ్ బూట్‌లోడర్ ఇంటర్‌ఫేస్ ఎంచుకోవాలి. ఒక్కోసారి ఇదే డ్రైవర్ విండోస్ అప్‌డేట్‌లో ఆప్షనల్ అప్‌డేట్స్ కింద దానంతటదే వచ్చి కూర్చుంటుంది, అక్కడ కూడా ఓ చూపు చూడండి. మ్యాక్‌లో డ్రైవర్ గొడవే లేదు. లినక్స్‌లో నో పర్మిషన్స్ అని వస్తే కమాండ్ ముందు సుడో అన్న మాట పెట్టి చూడండి.

సరే, డ్రైవర్ వేశారు, సీరియల్ నంబర్ వచ్చింది, "ఫాస్ట్‌బూట్ ఫ్లాషింగ్ అన్‌లాక్" కొట్టి వాల్యూమ్ బటన్‌తో ఒప్పుకున్నారు, ఫ్లాష్ ఆల్ స్క్రిప్ట్ మొదలుపెట్టారు. బూట్‌లోడర్ ఎక్కింది, ఫోన్ ఒకసారి రీస్టార్ట్ అయింది, నెట్‌వర్క్ పని చూసే రేడియో ఎక్కింది, మళ్లీ రీస్టార్ట్ అయింది, అంతా బాగుంది అనుకుంటుండగా ఫోన్ ఇంకోసారి రీస్టార్ట్ అయి, స్క్రీన్ మారిపోయి, లాప్‌టాప్‌లో మళ్లీ వెయిటింగ్ ఫర్ ఎనీ డివైస్ అని ఆగిపోతుంది. మా తమ్ముడు ఆగింది ఇక్కడే, సగం మంది ఆగేది ఇక్కడే.

జరుగుతున్నదేంటంటే, ఆండ్రాయిడ్ 10 నుంచి సిస్టమ్, వెండర్, ప్రొడక్ట్ లాంటి భాగాలన్నీ సూపర్ అనే ఒకే పెద్ద పార్టిషన్‌లో (స్టోరేజ్‌లో ఒక గది లాంటిది) ఉంటాయి. దాన్ని లోపల పంచడం బూట్‌లోడర్‌కి చేతకాదు. అందుకని ఫోన్ ఫాస్ట్‌బూట్‌డీ అనే ఇంకో మోడ్‌లోకి వెళ్తుంది, స్క్రీన్ పైన అదే పేరు చివర డీ అక్షరంతో కనిపిస్తుంది, చూడటానికి రికవరీ మెనూలా ఉంటుంది. మనకి అది అదే ఫోన్, విండోస్‌కి మాత్రం ఇప్పుడే గుమ్మంలోకి వచ్చిన కొత్త చుట్టం. ఇందాక బూట్‌లోడర్‌కి వేసిన డ్రైవర్ దీనికి వర్తించదు. కాబట్టి కేబుల్ తీయకుండా, కమాండ్ ప్రాంప్ట్ మూయకుండా, పక్కనే డివైస్ మేనేజర్ తెరిచి మళ్లీ అదే పసుపు గుర్తు వెతికి అదే డ్రైవర్ వేయండి. వేసిన మరుక్షణం స్క్రిప్ట్ ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి దానంతటదే నడుస్తుంది, మీరు ఎంటర్ కూడా కొట్టక్కర్లేదు.

ఈ దశలో కేబుల్ పీకితే పెద్ద నష్టం లేదు, స్క్రిప్ట్ మళ్లీ మొదటి నుంచి నడుపుకోవచ్చు. అసలు ప్రమాదం మొదటి నిమిషంలో, బూట్‌లోడర్ రాస్తున్నప్పుడు ఉంది. ఆ ఒక్క నిమిషం పిల్లల్ని, పిల్లుల్ని టేబుల్ దగ్గరికి రానీయకండి.

ఎర్రర్ వస్తే చివరి లైన్ ఏమంటోంది

లాక్ స్టేట్‌లో ఫ్లాషింగ్ కుదరదు అని వస్తే బూట్‌లోడర్ అన్‌లాక్ కాలేదు, అంతకు మించి ఏమీ లేదు. బూట్‌డాట్‌సిగ్ ఫైల్ లేదు అంటూ నాలుగైదు లైన్లు వస్తే పట్టించుకోకండి, ఎప్పుడూ వస్తాయి. ఫోన్ ఒక పేరు చెప్తోంది, ఫైల్ ఇంకో పేరు అడుగుతోంది అన్నట్టు వస్తే మీరు వేరే మోడల్ ఫైల్ దించారు. ఇక్కడ బలవంతం చేసే ఆప్షన్ల కోసం వెతక్కండి, అది ఫోన్‌ని కాపాడుతోంది.

పార్టిషన్ పెంచడానికి చోటు చాలదు అని వచ్చిందంటే, అంతకుముందు ఎప్పుడో సగంలో ఆగిన అప్‌డేట్ తాలూకు ముక్కలు సూపర్‌లో చోటు ఆక్రమించుకుని ఉండొచ్చు. ఎవరికైనా మొదట తట్టేది ఫోన్ నిండిపోయింది, ఫొటోలు చెరపాలేమో అని, కానీ మీ ఫొటోలకీ దీనికీ సంబంధం లేదు. "ఫాస్ట్‌బూట్ స్నాప్‌షాట్ హైఫన్ అప్‌డేట్ క్యాన్సిల్" అని కొట్టి, స్క్రిప్ట్ మళ్లీ నడపండి. స్నాప్‌షాట్, అప్‌డేట్ మధ్య హైఫన్ ఉంటుంది, క్యాన్సిల్ ముందు ఖాళీ ఉంటుంది.

ఇక ఏ, బీ స్లాట్ల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అన్నీ ఎక్కాయి అని వచ్చినా ఫోన్ లేవనప్పుడు కారణం చాలాసార్లు ఇదే. పిక్సెల్స్‌లో ఆండ్రాయిడ్‌కి రెండు వాటాలు ఉంటాయి. మీరు ఒక వాటాలో కాపురం ఉండగా ఇంటాయన రెండో వాటాకి సున్నం వేయించినట్టు, అప్‌డేట్ రెండో దాంట్లో ఎక్కుతుంది, రీస్టార్ట్ చేసినప్పుడు అందులోకి మారతారు. కాబట్టి ఒక వాటాలో కొత్త సాఫ్ట్‌వేర్, ఇంకోదాంట్లో పాతది ఉండొచ్చు. "ఫాస్ట్‌బూట్ గెట్‌వార్ కరెంట్ హైఫన్ స్లాట్" కొడితే ఇప్పుడు ఏ వాటాలో ఉన్నారో తెలుస్తుంది. మీరు ఎక్కించింది ఒకదాంట్లో, ఫోన్ తెరుస్తున్నది ఇంకోదాన్ని అయితే సెట్ యాక్టివ్ కమాండ్‌తో మార్చండి.

దీంట్లోనే ఒక పెద్ద గుంట ఉంది. 2022 ఆగస్టులో ఆండ్రాయిడ్ 13 వచ్చినప్పుడు పిక్సెల్ 6, 6 ప్రో, 6ఏ ఫోన్ల బూట్‌లోడర్‌లో వెనక్కి వెళ్లకుండా అడ్డుకట్ట పెట్టారు. అది ఒకసారి ఎక్కి ఫోన్ లేచిందంటే ఆండ్రాయిడ్ 12కి తిరిగి రావడం ఉండదు. రెండో వాటాలో పాత బూట్‌లోడర్ అలాగే ఉండి, ఏ కారణంగానో ఫోన్ ఆ వాటాలోకి వెళ్లిందంటే అక్కడే పడిపోతుంది. అందుకే రెండో వాటాలోకి కూడా కొత్త బూట్‌లోడర్ ఎక్కించుకోమని గూగుల్ డౌన్‌లోడ్ పేజీలోనే రాసింది. ఆ పేజీ పైన ఉండే హెచ్చరికని అందరం కిందికి జరిపేస్తాం, మీ మోడల్ పేరు అందులో ఉందేమో ఒక్క నిమిషం చదవండి. పాత వెర్షన్‌కి దిగాలనుకునేవాళ్లు రెండుసార్లు చదవండి.

సైడ్‌లోడ్ చేస్తుంటే

బూట్‌లోడర్ మెనూలోంచి రికవరీ తెరవగానే పడుకున్న ఆండ్రాయిడ్ బొమ్మ, నో కమాండ్ అన్న మాట వస్తాయి. చాలామంది ఇక్కడే రికవరీ కూడా పోయిందని వదిలేస్తారు. పవర్ బటన్ పట్టుకుని ఉంచి వాల్యూమ్ అప్ ఒక్కసారి నొక్కి వదలండి, మెనూ వస్తుంది. అందులో ఏడీబీ నుంచి అప్‌డేట్ అన్నది ఎంచుకుని, లాప్‌టాప్‌లో "ఏడీబీ సైడ్‌లోడ్" కొట్టి ఖాళీ వదిలి ఫైల్ పేరు ఇవ్వాలి. ఓటీఏ జిప్‌ని విప్పకూడదు.

నలభై ఏడు శాతం దగ్గర ఆగిపోతే టెన్షన్ పడకండి. కొన్నిసార్లు లాప్‌టాప్‌లో 47 దగ్గర లెక్క ఆగిపోయి, ఫెయిల్డ్ టు రీడ్ కమాండ్ అని, దాని పక్కనే సక్సెస్ అని కూడా వస్తుంది! ఫెయిలో పాసో అర్థంకాని మార్కుల మెమోలా ఉంటుంది. అప్పుడు లాప్‌టాప్‌ని వదిలేసి ఫోన్ స్క్రీన్ చూడండి. స్టేటస్ సున్నా అని ఉంటే ఎక్కినట్టే, రీబూట్ చేయండి.

ఇప్పుడున్న బిల్డ్ కన్నా ఫైల్ పాతది అంటే ఓటీఏలో వెనక్కి వెళ్లలేరు, కొత్త నెలది దించండి. సిగ్నేచర్ వెరిఫికేషన్ ఫెయిల్ అంటే ఫైల్ చెడింది లేదా మీ మోడల్‌ది కాదు. ఏడీబీ డివైసెస్ కొడితే ఏమీ రాకపోతే పైన చెప్పిన డ్రైవర్ కథే, ఈసారి ఆండ్రాయిడ్ ఏడీబీ ఇంటర్‌ఫేస్ ఎంచుకోవాలి.

అంతా ఎక్కాక కూడా జీ అక్షరం దగ్గరే తిరుగుతుంటే, మొదటిసారి కదా, కొన్ని నిమిషాలు పడుతుంది, ఓ టీ తాగి రండి. పావుగంట దాటినా అంతే ఉంటే, స్క్రిప్ట్‌లోంచి డేటా చెరిపే హైఫన్ డబ్ల్యూ తీసేసి నడిపారేమో గుర్తు తెచ్చుకోండి. ఆ అక్షరం తీస్తే డేటా ఉంటుందన్నది నిజమే, కానీ కొత్త వెర్షన్ నుంచి పాతదానికి దిగుతూ పాత డేటా అట్టిపెడితే రెండూ కలవవు. డేటా పాడై ఉండొచ్చు, ఫ్యాక్టరీ రీసెట్ చేయాలి అని రికవరీ అడుగుతుంది. స్లాట్ సరిగ్గానే ఉందని చూసుకున్నాక ఇక ఒప్పుకోవడమే.

కమాండ్లంటే భయపడేవాళ్లు, ఫోన్ అన్‌లాక్ అయి ఉంటే, గూగుల్ ఆండ్రాయిడ్ ఫ్లాష్ టూల్ వాడొచ్చు, క్రోమ్‌లోనే నడుస్తుంది, మోడల్ అదే గుర్తుపడుతుంది. కానీ డ్రైవర్, కేబుల్ తిప్పలు దానికీ అవే. పైగా ఇంకో కిటికీలో ఏడీబీ నడుస్తుంటే దానికి ఫోన్ దొరకదు, "ఏడీబీ కిల్ హైఫన్ సర్వర్" కొట్టి మళ్లీ ప్రయత్నించాలి.

రెడ్‌మీ, శాంసంగ్ వాళ్లకి

రెడ్‌మీ వాళ్లు షావోమీ కంపెనీ ఎంఐ ఫ్లాష్ టూల్ తెరవగానే కిందికి చూడండి, మూడు ఆప్షన్లు ఉంటాయి, వాటిలో క్లీన్ ఆల్ అండ్ లాక్ అన్నది ముందే ఎంపికై ఉంటుంది. అంటే అన్నీ ఎక్కించి చివర్లో బూట్‌లోడర్ లాక్ చేసేస్తుంది. చైనా మార్కెట్ ఫోన్‌లో గ్లోబల్ రోమ్, అంటే బయటి దేశాల సాఫ్ట్‌వేర్, ఎక్కించి ఇలా లాక్ అయితే, ఈ వెర్షన్ ఈ ఫోన్‌లో ఎక్కదు అని రికవరీలో నిలబడిపోతుంది. మళ్లీ అన్‌లాక్ కావాలంటే అన్‌లాక్‌కి షావోమీ పెట్టే ఎదురుచూపులన్నీ మొదటి నుంచి. అందుకని క్లీన్ ఆల్ మాత్రమే పెట్టుకోండి. ఫోల్డర్ పేరులో ఖాళీలు, తెలుగు అక్షరాలు లేకుండా సీ డ్రైవ్‌లో చిన్న పేరుతో పెట్టుకోండి. వెనక్కి దిగే విషయంలో రెడ్‌మీలో కూడా అడ్డుకట్ట ఉంటుంది, రెడ్‌మీ నోట్ 5 ప్రో ఉన్నవాళ్లలో 2018లో చాలామంది ఇలాగే ఫోన్లు పోగొట్టుకున్నారు.

శాంసంగ్‌లో ఎక్కించే టూల్ ఓడిన్. అందులో సీఎస్‌సీ అనే ఫైల్ పెడితే డేటా పోతుంది, హోమ్ సీఎస్‌సీ పెడితే ఉంటుంది. ఫోన్ స్క్రీన్ మీద ఎస్‌డబ్ల్యూ రెవ్ చెక్ ఫెయిల్ అని వస్తే మీరు ఎక్కిస్తున్న సాఫ్ట్‌వేర్ పాతది. బిల్డ్ నంబర్‌లో చివరి నుంచి ఐదో అక్షరం చూడండి, మీ ఫోన్‌లో ఉన్నదానికన్నా తక్కువ ఉంటే ఎక్కదు.

చివరికి లాక్ చేయడం

నా పాత ఫోన్ కథ ఇదే. సాఫ్ట్‌వేర్ ఎక్కింది, ఫినిష్డ్ అని వచ్చింది, ఫోన్ ఒక్కసారి కూడా ఆన్ చేసి చూడకుండా, బ్యాంక్ యాప్ పనిచేయాలని ఆత్రంగా బూట్‌లోడర్ లాక్ చేసేశా. ఎక్కించినదాంట్లో ఒక భాగం ఒరిజినల్ కాదు. ఫోన్ దాన్ని చూసి, సరైన ఆపరేటింగ్ సిస్టమ్ లేదంటూ ఎర్ర గుర్తు చూపించి తలుపేసుకుంది. అప్పటికి ఓఈఎం అన్‌లాకింగ్ ఆఫ్ అయిపోయి ఉంది, కాబట్టి మళ్లీ తెరిచే దారి లేదు.

అన్‌లాక్ చేసి ఉన్నంతకాలం ఆన్ చేసిన ప్రతిసారీ హెచ్చరిక వస్తుంది, కొన్ని బ్యాంక్, చెల్లింపు యాప్‌లు తెరుచుకోవు, కాబట్టి ఒరిజినల్ సాఫ్ట్‌వేర్ ఎక్కించినవాళ్లు లాక్ చేసుకోవడమే మంచిది. కానీ ముందు ఫోన్ పూర్తిగా ఆన్ అవ్వాలి, హోమ్ స్క్రీన్ వరకూ రావాలి. గూగుల్ అకౌంట్ అడిగితే స్కిప్ కొట్టండి, వైఫై, కాల్, కెమెరా ఒకసారి చూసుకోండి. అప్పుడు బూట్‌లోడర్‌లోకి వెళ్లి "ఫాస్ట్‌బూట్ ఫ్లాషింగ్ లాక్" కొట్టండి. అది మళ్లీ ఆన్ అయి, అంతా బాగుందని నమ్మకం కుదిరాకే ఓఈఎం అన్‌లాకింగ్ ఆఫ్ చేయండి.

లాక్ చేసినప్పుడు కూడా డేటా మొత్తం ఇంకోసారి చెరిగిపోతుంది, అందుకే యాప్‌లు పెట్టుకోవడం, వాట్సాప్ బ్యాకప్ దించుకోవడం, సిమ్ నుంచి మెసేజ్ పంపి యూపీఐ మళ్లీ కలుపుకోవడం అన్నీ లాక్ తర్వాతే. మా తమ్ముడికి ఈ ముక్క చెప్పడం మర్చిపోయా. ఫోన్ లేచిందన్న సంతోషంలో వాడు ఒంటిగంట వరకూ కూర్చుని అన్నీ సర్దుకుని, ఆ తర్వాత లాక్ కొట్టాడు. ఒంటిగంటా పదికి మళ్లీ వాళ్లమ్మ నంబర్ నుంచి ఫోన్.